ఉత్తరపు గోడ పక్కన

మా ఆయనకి ఫోటోల విషయంలో ఒక సిద్ధాంతం ఉంది. మనిషి లేని ఫోటో తీయడమంటే ఫిల్ము తగలేసుకోవడమే. "గోడకి ఫోటో ఏంటే? పోస్టుకార్డు కొనుక్కుంటే పోలా?" అంటారు. మేం ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా వచ్చిన కొత్తలో కొండ అంచున నిలబడి కింద లోయలోకి చూస్తే కళ్లు తిరిగేవి. ఆ లోయ మా ఆల్బంలో ఎక్కడా లేదు. నేనున్నాను, నా వెనక కమ్మీల కంచె ఉంది, కంచె అవతల కొంచెం తెల్లగా ఏదో ఉంది. ఊరి పూల పండగకి తీసిన ఫోటోల్లో పూలన్నీ మా అమ్మాయి గౌను వెనక దాక్కున్నాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించడం నేను మానేసి చాలా కాలమైంది.

ఆయన్నొక్కణ్ణీ అని లాభం లేదు. మా గోదావరి వైపు క్రైస్తవుల ఇళ్లలో ఫోటో అంటే మనుషులు వరసగా నిలబడటమే. పెళ్లికి నిలబడతాం, బాప్తిస్మానికి నిలబడతాం. ఇంట్లో మనిషి పోతే పెట్టె మూత తీసి, తలవైపు కాస్త ఎత్తిపెట్టి, చుట్టూ అందరం నిలబడి ఫోటో దిగుతాం. నేను పనిచేసే ఆసుపత్రిలో ఒకసారి టీ వేళప్పుడు ఈ మాట చెబితే తోటి నర్సులు కప్పులు కింద పెట్టేసి నా మొహంలోకి చూశారు. అందులో వింతేమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అందరూ కలిసి ఉండే ఆఖరి రోజు అదే కదా, అప్పుడు దిగకపోతే ఇంకెప్పుడు దిగుతారు?

ఇది తొంభయ్యో సంవత్సరం నాటి మాట. అప్పుడు మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. పుట్టింది ఇంగ్లండులో. యుద్ధం అయిపోయాక భర్తతో ఓడెక్కి ఇక్కడికి వచ్చేసింది. మేం ఆ ఇంట్లో దిగేనాటికే భర్త పోయాడు, కొడుకులిద్దరూ పెర్త్‌లో స్థిరపడ్డారు. మేం దిగిన మొదటి వారమే కంచె మీదుగా తల పెట్టి, "మీ వంట వాసన నా ఉతికిన దుప్పట్లకి పడుతోంది" అంది. నాకు ఒళ్లు మండి, "మీ కుక్క అరుపులు నా నైట్ డ్యూటీ నిద్రకి పడుతున్నాయి" అన్నాను. ఆవిడ పెద్దగా నవ్వింది. ఆ మర్నాడు సంచీడు నిమ్మకాయలు గుమ్మంలో పెట్టి వెళ్లింది. మేము అలవాటు కొద్దీ ఆంటీ అని పిలిస్తే, నేను నీకు ఏ వరసన ఆంటీనని అడిగింది. ఏ వరసా లేకుండానే మేం అందరినీ అలా పిలుస్తామంటే, సరేనని ఊరుకుంది.

మేం దిగిన నాలుగేళ్లకి, ఆ తొంభైలోనే ఒకరోజు అలాగే నిమ్మకాయలతో వచ్చి, నా మొహం వదిలేసి నా చెవితో మాట్లాడింది. రెండు నిమిషాలు చూశాను. నర్సుని కదా, సంగతి తెలిసిపోయింది. కంటి డాక్టరూ అదే చెప్పాడు. చూపు మధ్యలో మచ్చ పడింది, అది పెరుగుతుంది. చదువు పోతుంది, మొహాలు పోతాయి, అంచులు మాత్రం మిగులుతాయి. అందుకే మనిషి కనబడాలంటే ఆవిడ ఆ మనిషి పక్కకి చూడాల్సి వచ్చేది. దీనికి మందు లేదు. తిరిగొస్తూ ఆవిడ కారులో నా పక్కన కూర్చుని దారంతా చేతిసంచి జిప్పు తీస్తూ వేస్తూ ఉంది.

ఆ ఏడాది జూలైలో బర్మింగ్‌హామ్‌లో మా వదినగారి పెద్దబ్బాయి పెళ్లి వచ్చింది. వదినంటే మా ఆయనకి సొంత అక్క. ఆవిడా నర్సే, నాకంటే ముందే దేశం దాటింది. మేము ప్రయాణమయ్యే ముందు ఆదివారం మధ్యాహ్నం పక్కింటి ఆంటీ వచ్చి మా వంటింట్లో కూర్చుంది. బయట మా ఆయన మిషనుతో గడ్డి కోస్తున్నారు. ఆ మోత వినబడుతున్నంత సేపే ఆవిడ మాట్లాడింది, మోత ఆగితే తనూ ఆగింది.

"మా ఊరు బర్మింగ్‌హామ్‌కి కారులో రెండు గంటలు. ఆ ఊళ్లో చూడదగ్గది పాత చర్చి ఒక్కటే. ఫోటో తీసుకొస్తావా?"

"దానికేముందండీ, తెస్తాం."

"చర్చి తీయి, తీయొద్దనను. కానీ నాకు కావాల్సింది చర్చి కాదు. బయట ఉత్తరం గోడ పక్కన గడ్డి ఉంటుంది. ఆ గడ్డి."

యుద్ధం రోజుల్లో, భర్త ఎక్కడో ఎడారిలో ఉండగా, ఆవిడకి మొదటి బిడ్డ పుట్టాడు. మగపిల్లాడు. వారం తిరక్కుండా ఒక తెల్లవారుజామున పోయాడు. బాప్తిస్మం ఇప్పించే వ్యవధి లేకపోయింది. బాప్తిస్మం లేని బిడ్డకి సమాధి దగ్గరి ప్రార్థనలు, ఆ భూస్థాపన క్రమం, చదవడం కుదరదన్నాడు ఆ ఊరి పాస్టరు. అప్పట్లో వాళ్ల రూలు అదే. ఎండ తగలని ఉత్తరం వైపు, గోడ పక్కన కాస్త జాగా మాత్రం చూపించాడు. గోతులు తవ్వే ముసలాయన తవ్వాడు. ఆయనా ఈవిడా తప్ప అక్కడ ఇంకెవరూ లేరు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పని కాగానే ఆయన పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రాయి పెట్టలేదు. తర్వాత పుట్టిన కొడుకులకి ఈ సంగతే తెలియదు.

"పైన గోడమీద ముక్కు విరిగిన రాతి మొహం ఒకటుంటుంది. సరిగ్గా దాని కింద. నా చూపు మొత్తం పోయేలోపు ఆ చోటు ఇంకోసారి చూడాలి" అంది ఆంటీ. మిషను మోత ఆగిపోయింది. లేచి, తాగకుండా పక్కన పెట్టిన టీ కప్పు కడిగేసి వెళ్లిపోయింది.

మా ఆయనకి ఇదేమీ చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటావిడ తన ఊరి చర్చి ఫోటోలు అడిగిందని మాత్రం చెప్పాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఇదేం పనన్నారు గానీ, కొత్త కెమెరా కొన్న మోజులో ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నారు.

పెళ్లి అయింది. మా తిరుగు ప్రయాణానికి ముందు రోజు, ఆదివారం ఆరాధన కాగానే, రెండు కార్లలో బయల్దేరాం. నేను అనుకున్నది మేమిద్దరం వెళ్లి గంటలో వచ్చేస్తామని. మా వాళ్ల సంగతి తెలిసీ అలా అనుకోవడం నా తెలివితక్కువతనం. వదిన, వదిన భర్త, కొత్త దంపతులు, చిన్నబ్బాయి, మేం ముగ్గురం, గిన్నెడు పులిహోర, ఫ్లాస్కుల్లో టీ. కొత్త కోడల్ని సమాధులున్న చోటికి తీసుకెళ్లడం ఏం బాగుంటుందని వదిన గొణిగింది. మూడు తరాలుగా క్రైస్తవులం, అయినా ఆ భయం ఎక్కడికీ పోదు.

"మనకేంటే ఆ పట్టింపులు? నువ్వు కూడానా?" అన్నారు అన్నయ్యగారు. వదిన భర్త కాబట్టి నాకు అన్నయ్య వరస. బర్మింగ్‌హామ్‌లో బస్సుల డిపోలో పని చేసేవారు గానీ, ఊళ్లో ఉన్నప్పుడు ఆయన సంఘపెద్ద. మా లంక గ్రామాల్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కడే పాస్టరు. వరదొచ్చి పడవ కదలకపోతే ఆయన రాలేడు, చనిపోయినవాళ్లు ఆగలేరు. అందుకని మా వైపు సంఘపెద్దలే భూస్థాపన జరిపించేసేవారు. అన్నయ్యగారికి ఆ క్రమం మొదట్నుంచి చివరిదాకా నోటికొచ్చు, పుస్తకం అక్కర్లేదు.

చర్చి నేను ఊహించినంత పెద్దది కాదు. పొట్టి గంట గోపురం, నాచు పట్టిన రాళ్లు, చుట్టూ ఒరిగిపోయిన సమాధిరాళ్లు. ఎన్ని వందల ఏళ్లనాటిదో, గుమ్మం దగ్గర రాతి మెట్టు మధ్యలో అరిగి గిన్నెలా గుంటపడింది. తాళాలు దగ్గర పెట్టుకునే పెద్దాయన వచ్చి తలుపు తీశాడు. మేమందరం అలవాటుగా చెప్పులూ బూట్లూ విడిచి వసారాలో వరసగా పెట్టాం. అవసరం లేదని ఆయన చెబుతూనే ఉన్నాడు. మా వదిన పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ చల్లటి రాళ్ల మీద "అమ్మో, అయ్యో" అంటూ నడిచింది. నేల నిండా పేర్లు చెక్కిన సమాధి పలకలు. వాటి మీద కాలు పెట్టకుండా నడవాలని మా అమ్మాయి గెంతుతూ పోయింది.

లోపల తడి రాయి వాసన, పాత పుస్తకాల వాసన. కిటికీ రంగుటద్దాల్లోంచి పడిన ఎరుపూ నీలం బల్లల మీద మెల్లగా కదులుతున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు అక్కడ మోకరించాలనిపించింది. మా ఆయన మోకరించనిస్తేగా! బాప్తిస్మపు తొట్టి ముందు కొత్త దంపతులు, ప్రసంగపీఠం ముందు అన్నయ్యగారు, రంగుటద్దాల కింద వదిన. "కొంచెం స్మైల్ అక్కా, చర్చిలో స్మైల్ చేస్తే పాపం కాదు!" ఫిల్ము అయిపోతోందండీ అని నేను మూడుసార్లు అన్నాను. ఉందిలే అన్నారు మూడుసార్లూ.

బయటికొచ్చి ఉత్తరం వైపు వెళ్లాం. అటు బాట లేదు. మోకాలెత్తు గడ్డి, తగిలితే చురుక్కుమని మంట పుట్టే ఆకులు. పైకి చూస్తూ గోడ పట్టుకుని నడిచాను. కనిపించింది. ముక్కు విరిగి, నోరు తెరిచి, ఏదో చెప్పబోతూ ఆగిపోయిన రాతి మొహం. దాని కింద గడ్డి. మిగతా గడ్డికీ దానికీ తేడా ఏమీ లేదు.

"ఇక్కడ ఒక్క ఫోటో తీయండి. ఎవరూ నిలబడొద్దు. గడ్డి మాత్రమే రావాలి" అన్నాను.

"గడ్డా? గడ్డి మన బ్యాక్‌యార్డులో లేదా?" అన్నారు మా ఆయన.

ఇక చెప్పక తప్పలేదు. ఇక్కడ ఆంటీవాళ్ల బాబు ఉన్నాడు, పసిగుడ్డు అని మాత్రం చెప్పాను. అందరి మొహాలూ మారిపోయాయి. కొత్త కోడలు వెంటనే కొంగు తల మీదికి లాక్కుంది. అది చూసి వదినా, నేనూ కప్పుకున్నాం.

"సమాధి కాడికి వచ్చి ఊరికే ఎలా ఎల్లిపోతామండీ? ప్రార్థన చేసుకుందాం" అన్నారు అన్నయ్యగారు. "బాబు పేరేంటమ్మా?"

"పేరు పెట్టలేదన్నయ్యగారూ."

"ఆయ్, పర్లేదు. ఆయనకి తెలుసు పేరు."

ప్రార్థనంటే నాలుగు ముక్కలనుకున్నాను. ఆయన మొదలుపెట్టింది భూస్థాపన క్రమం. ఊళ్లో వాన కురుస్తున్న సమాధుల తోటలో ఎలా చదివేవారో అలాగే, కళ్లు మూసుకుని, గొంతెత్తి, ఒక్క వాక్యం మింగకుండా చదువుతున్నారు. మధ్యలో పాట కూడా అందుకున్నారు. వంగి ఇంత మట్టి తీసి గడ్డి మీద మూడుసార్లు వేశారు. తాళాల పెద్దాయన టోపీ తీసి దూరంగా నిలబడ్డాడు. అప్పుడు నాకు భక్తి కలిగిందని చెప్పను. చినుకులు మొదలయ్యాయి, కాళ్లకి ఆ ఆకుల మంట, కడుపులో ఆకలి. వెలుతురు పోయేలోపు ఫోటో ఎలాగన్నదే నా బెంగ.

ఆమేన్ అనగానే మా ఆయన కెమెరా తీసుకెళ్లి తాళాల పెద్దాయన చేతిలో పెట్టారు. "వన్ గ్రూప్ ఫోటో ప్లీజ్" అని వచ్చి మధ్యలో నిలబడ్డారు.

"ముందు గడ్డి తీయండి!" అన్నాను.

"ఉండవే, ఫస్ట్ ఇది ఫినిష్ చేసేసి, నెక్స్ట్ నీ గడ్డే తీసేస్తాను. అందరూ దగ్గరికి జరగండి!"

జరిగారు. నన్నూ లాగారు. క్లిక్‌మంది. ఆ వెంటనే కెమెరా గిర్రుమంటూ ఫిల్ము వెనక్కి చుట్టేసుకోవడం మొదలెట్టింది. ఇంకో రోలు బర్మింగ్‌హామ్‌లో పెట్టెలో ఉంది. ఆదివారం, ఊళ్లో ఒక్క షాపు తెరిచి లేదు. మర్నాడు పొద్దున్నే మా విమానం. వాన కూడా ఊపందుకుంది. తిరుగుదారిలో రెండు గంటలూ నేను మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన పులిహోర కూడా తినలేదు.

టూవూంబా చేరాక రోలు కడగడానికి ఇచ్చి నాలుగు రోజులు ఎదురు చూశాను. ఏదైనా అద్భుతం జరిగి గడ్డి కనబడుతుందేమోనని ఆశ. జరగలేదు. పైన ముక్కు విరిగిన మొహం చక్కగా పడింది. దాని కింద ఈ చివరినుంచి ఆ చివరికి మేమే. సరిగ్గా ఆ చోట గడ్డి కనబడాల్సినంత మేరా నా ఆకుపచ్చ పట్టుచీర పరుచుకుని ఉంది.

ఆంటీకి ఏం చెప్పాలో తోచలేదు. దాచేద్దామని కూడా అనిపించింది. మా ఆయనే, "నా వల్ల జరిగింది, నేనే చెప్తాలే" అన్నారు. ఆ సాయంత్రం ఆవిణ్ణి పిలిచి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాం. మేం లేని మూడు వారాల్లో ఆ కళ్లు ఇంకా పాడయ్యాయి. కుర్చీ కూడా తడుముకుని కూర్చుంది. చేతిసంచిలోంచి పెద్ద భూతద్దం తీసింది. "ఆ ఫోటో ఒక్కటీ ఇవ్వు. మిగతావి తర్వాత" అంది.

చెప్తానన్న మా ఆయన ఫ్రిజ్ పక్కన నక్కి నిలబడ్డారు.

ఆంటీ తల పక్కకి వాల్చి, ఫోటోని అటూ ఇటూ జరిపి, చాలాసేపటికి ఒకచోట ఆగింది. "ఇదే. ముక్కు లేదు" అంది. భూతద్దం కిందికి జరిపింది. "ఇక్కడ గుడ్డ ఉంది."

"నా చీర" అన్నాను. ఫిల్ము అయిపోయిన సంగతి చెప్పాను. మా ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

"నేను గడ్డి అడిగాను" అంది ఆంటీ. కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ భూతద్దం తీసేయలేదు. అలాగే పక్కచూపుతో ఒక్కొక్కర్నీ దాటుతూ వెళ్లింది. "ఆడవాళ్లందరి తలల మీదా ఏమిటది?"

"కొంగు కప్పుకున్నాం. ప్రార్థన వేళ మేం అలా కప్పుకుంటాం."

"ప్రార్థన ఎవరికి?"

"మీ బాబుకే. మా అన్నయ్యగారు భూస్థాపన క్రమం చదివారు."

ఈ మాట నేను కావాలని ఎంచుకుని అన్నది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పిన తర్వాతే నేనేం చెప్పానో నాకు తెలిసింది. ఆవిడ భూతద్దం బల్లమీద పెట్టేసింది. ఆ గోడ దగ్గర నిలబడి ఆకలి గురించి ఆలోచించిన నా బుర్రకి, అక్కడ ఏం జరుగుతోందో అప్పుడు ఎక్కనే లేదు.

"మొత్తమా?" అంది.

"మొత్తం. పాటతో సహా. మట్టి కూడా వేశారు."

"బాప్తిస్మం అయిందా అని అడగలేదా?"

"అడగలేదు. పేరు మాత్రం అడిగారు."

ఫోటోని బల్ల మీద తన దగ్గరికి జరుపుకుంది. తర్వాత, "నీకొచ్చా అది?" అంది.

"నాకు రాదండీ. అన్నయ్యగారికే వచ్చు."

"ఆయనకి ఫోనుందా?"

నేను జవాబు చెప్పేలోపే మా ఆయన ఫ్రిజ్ పక్కనుంచి కదిలి గోడకున్న ఫోను అందుకున్నారు. అక్కడ పొద్దున ఎనిమిది. వదిన ఎత్తి, ఈ వేళప్పుడు ఫోనేంట్రా, అందరూ బాగానే ఉన్నారా అని హడలిపోయింది. "బాగానే ఉన్నాం అక్కా. బావగారికి ఇవ్వు, అర్జెంట్" అన్నారు. "బావగారూ, ఆ రోజు గోడ దగ్గర చదివేరు కదా, అది మళ్లీ చదవాలండి. ఆ బాబు వాళ్ల అమ్మగారు వింటారంట."

తర్వాత అన్నయ్యగారి గొంతు నాకూ వినబడింది. "నాకు ఇంగ్లీషులో రాదు కదయ్యా. ఆవిడికి మన తెలుగు ఏం అర్థమవుద్ది?"

అదే ఆంటీకి చెప్పాను. "ఆ రోజు చదివిందే చదవమను" అని లేచి, బల్ల అంచు పట్టుకుని నడిచి వెళ్లి, మా ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

ఆయన మొదలుపెట్టారు. మాటలు నా దాకా రావడం లేదు, రాగం మాత్రం తెలుస్తోంది. ఆంటీ మోకాళ్లు మంచివి కావు. ఐదు నిమిషాలు కూడా నిలబడలేని మనిషి. అన్నయ్యగారి సంగతి నాకు తెలుసు, పాట దగ్గర ఆయన ఇంకా నిదానిస్తారు. కుర్చీ తీసుకెళ్లి ఆవిడ వెనక వేశాను.

"కూర్చోండి ఆంటీ. ఆయన అంత తొందరగా ముగించరు."

ఆవిడ ఫోను నోటి దగ్గర చేత్తో మూసి, నా చెవి వైపు చూసింది.

"భూస్థాపన జరుగుతుంటే ఎవరైనా కూర్చుంటారా?" అంది.

మా ఆయన వెళ్లి టీ నీళ్ల కింద స్టవ్ ఆపేసి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. నేను కుర్చీ వెనక్కి జరిపేసి రెండోవైపు నిలబడ్డాను.